ఏడు పాటల రోస్టు

మా ఆయన పాట పాడకుండా కోడిగుడ్డు కూడా ఉడకబెట్టలేకపోయేవాడు. ఎగతాళికి అంటున్న మాట కాదు, నిజంగానే అంతే. గుడ్డు సగం ఉడకాలంటే రెండు చరణాలు. గట్టిగా ఉడకాలంటే ఐదు. కేకు కాలాలంటే క్రిస్మసు కీర్తనలు మూడు, పల్లవి ప్రతిసారీ రెండుసార్లు తిప్పి పాడాలి. ఇక దొరసాని ప్రాణం పెట్టే పంది మాంసం రోస్టుకైతే ఏడు కీర్తనలు, మొదటి మాట నుంచి ఆమేన్ దాకా, ఒక్క చరణం కూడా ఎగరగొట్టకుండా.

ఆయన పేరు రాజారత్నం. చిత్తూరు మిషను కాంపౌండులో మార్తా దొరసాని బంగళాకు వంటమనిషి. నేను సంతోషమ్మను, అదే కాంపౌండులో ఆడపిల్లల బడికి పంతులమ్మను. మాకు పిల్లలు లేరు. బంగళా వెనక రెండు గదుల ఇల్లు, ముందర ఒక మునగచెట్టు, మేమిద్దరం.

ఈ పాటల లెక్క ఆయన కనిపెట్టింది కాదు. పన్నెండో ఏట జయరావు తాత అనే పాత వంటమనిషి దగ్గర పనికి చేరినప్పుడు నేర్చుకున్నది. తాతకు గడియారం చూడటం రాదు. వచ్చినా లాభం లేదు, గడియారం ఉండేది బంగళా హాల్లో, వంటిల్లు ఉండేది పెరటి చివర. కానీ తాతకు కీర్తనలన్నీ నోటికి వచ్చు. అందుకని ఏ వంటకు ఎంతసేపో పాటలతో కొలిచి పెట్టుకున్నాడు. ఆ కొలతలన్నీ మా ఆయనకు అప్పజెప్పి, తాను ప్రభువు దగ్గరికి పోయాడు.

ఇరవై ఏళ్ళ కాపురంలో మా ఇద్దరికీ ఉన్న గొడవ ఒక్కటే, అదీ ఈ పాటల దగ్గరే. మా ఆయన కీర్తనను పాడడు, తరుముతాడు. గుడిలో అందరూ మూడో చరణంలో ఉంటే ఈయన నాలుగోది ముగించి పుస్తకం మూసేస్తాడు. మాది కార్వేటినగరం దగ్గర పల్లె. మా నాయన అక్కడి చిన్న గుడిలో పాట ఎత్తేవాడు. మా వైపు పాటంటే నిదానం. ఒక్కో మాటను నోట్లో నానబెట్టి, దాని రుచి తెలిశాక గానీ వదలం.

"ఏమయ్యా, వెనకాల పులేమన్నా తరుముతా ఉండాదా?" అని అడిగేదాన్ని గుడి నుంచి వస్తూ.

"నువ్వు సాగదీసేలోగా గుడ్డు గుండయిపోతాది పంతులమ్మా," అనేవాడు. కోపమొచ్చినా, ముద్దొచ్చినా నన్ను ఆయన పంతులమ్మా అనే పిలిచేవాడు. ఏది కోపమో ఏది ముద్దో నేను గొంతును బట్టి పట్టుకునేదాన్ని.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, నన్ను తిట్టుకున్నా సరే. మా పుట్టింట్లో పంది మాంసం ముట్టరు. మా తాత మతం మారినప్పుడు చాలా మార్చుకున్నాడు గానీ ఆ ఒక్క అలవాటు మార్చుకోలేదు. నాకూ అదే వచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు రోస్టు చేసి ఇంటికొచ్చిన మనిషిని చూసి, కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆయన రోస్టు చేసిన రోజున బావి దగ్గర బూడిదతో చేతులు రుద్దుకుని, నిమ్మచెక్కతో మళ్ళీ రుద్దుకుని, చొక్కా మార్చుకుని గానీ మా గడప తొక్కలేదు. మదనపల్లె నుంచీ రాయవేలూరు నుంచీ వచ్చిన దొరలంతా మెచ్చుకున్న రోస్టును, వండినవాడి పెళ్ళాం మాత్రం ఒక్కసారీ రుచి చూడలేదు.

స్వరాజ్యం వచ్చిన ఏడాది, దీపావళికి ముందు ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. మిరియాల కషాయం తాగించాను. తగ్గలేదు. దొరసానే దగ్గరుండి రాయవేలూరు ఆస్పత్రికి తీసుకుపోయింది. గొంతులో కాయ ఉందన్నారు. దాన్ని కోసి తీస్తే మనిషి దక్కుతాడు గానీ మాట దక్కదని ముందే వివరంగా చెప్పారు. సంతకం నేనే పెట్టాను. నాకు మనిషి కావాలి, పాట లేకపోతే పోయింది అనుకున్నాను. ఆ రెండూ ఒకటేనని అప్పుడు నాకు తెలియదు.

ఇంటికొచ్చాక నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. బడి నుంచి ఒక పలక, బలపం తెచ్చిచ్చాను. పెళ్ళయ్యాక ఆయనకు అక్షరాలు నేర్పింది నేనే. గుండ్రంగా, ఒక పక్కకు వాలిపోతూ ఉంటాయి ఆయన రాతలు. నోటితో ఎట్లా మాట్లాడేవాడో పలక మీదా అట్లాగే రాసేవాడు.

నెల తర్వాత వంటింట్లోకి పోయాడు. గుడ్లు రాళ్ళయ్యాయి. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. కేకు పైన మాడి లోపల పచ్చిపిండిగా దిగింది.

"మనసులో పాడుకోరాదా?" అన్నాను.

పలక తీసుకుని రాశాడు. "మనసులో పాటకు ఊపిరి ఉండదు పంతులమ్మా. యాడ ఆగాల్నో తెలీలేదు."

ఆ సాయంత్రం తన తెల్ల ఏప్రన్ ఉతికి, మడతపెట్టి, ట్రంకుపెట్టెలో అడుగున పెట్టేశాడు. బంగళా ఊడ్చే కుప్పమ్మ దొరసానికి ఇంత అన్నమూ పప్పూ వండి పెట్టేది. నిన్ను మాన్పించానని దొరసాని అనలేదు. ఈయన మాత్రం బంగళాకు వీపు పెట్టి, మునగచెట్టు వైపు చూస్తూ అరుగు మీద కూర్చునేవాడు. నేను బడికి పోయేటప్పుడు ఎట్లా కూర్చున్నాడో వచ్చేటప్పుడూ అట్లాగే. సంగటి ముద్ద పెడితే రెండు తుంచి నోట్లో వేసుకుని, చెయ్యి కడిగేసుకునేవాడు. భుజాల దగ్గర చొక్కా వదులైపోయింది.

ఒకరోజు పలక మీద "నా పని అయిపాయ" అని రాసి నా ముందు పెట్టాడు. కొంగుతో తుడిచేశాను. మరునాడు మళ్ళీ అదే రాశాడు. మళ్ళీ తుడిచాను. నాకు పని పోతుందన్న బెంగ లేదు. మనిషి నా కళ్ళ ముందే పోతున్నాడన్న బెంగ. రాయవేలూరు నుంచి తెచ్చుకున్న మనిషిని ఈ అరుగు మీద పోగొట్టుకుంటానేమోనని రోజూ బళ్ళో ఎక్కాలు చెప్పిస్తూ భయపడేదాన్ని.

ఫిబ్రవరి చివర్లో మార్తా దొరసాని మా ఇంటికే వచ్చింది. పాతికేళ్ళుగా తెలుగు మాట్లాడుతున్నా, ఆమె తెలుగు బైబిలు అచ్చువేసే చోటి నుంచి అప్పుడే తడి ఆరకుండా వచ్చినట్టుండేది.

"రాజారత్నమా, నేను నా దేశమునకు తిరిగి వెళ్ళుచున్నాను. ఇక రాను. వెళ్ళుటకు మునుపు నీ చేతి రోస్టును మరియొకసారి భుజింపగోరుచున్నాను," అంది.

ఆయన పలక మీద "రాదు" అని రాసి చూపించాడు.

దొరసాని తన చేతి గడియారం విప్పి ఆయన అరచేతిలో పెట్టింది. "దీనిని చూచుచు వండుము."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా వెనక్కిచ్చేశాడు. "నాకు నిమిషాల లెక్క తెలీదు దొరసానీ. పాటల లెక్కే తెలుసు" అని రాశాడు. ఆమె చదువుకుని తల వంచుకుంది. పెద్దావిడ కళ్ళల్లో నీళ్ళు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను. ఆ కాయ మీద, ఆ అరుగు మీద, ఆ మునగచెట్టు మీద కూడా.

"పాటే గదా కావాల్సింది! నేను పాడతా," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా భుజాలు కదిలాయి. నోరు తెరుచుకుంది. చప్పుడు లేదు గానీ అది నవ్వే. నాలుగు నెలల తర్వాత మొదటి నవ్వు. కళ్ళు తుడుచుకుంటూ రాశాడు. "నువ్వు పాడితే పంది బొగ్గయితాది."

"కానీలే. బొగ్గే తింటారు," అన్నాను.

"శనివారము మధ్యాహ్నము," అని చెప్పి, ఆయన మళ్ళీ బలపం అందుకునేలోగా దొరసాని గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది. తెలివైన మనిషి.

శుక్రవారం సాయంత్రం దేవరాజులు మాంసం తెచ్చాడు. దొరసాని కోసం తవుడూ గెనుసుగడ్డలూ పెట్టి పందులను పెంచేవాడు అతనే. తొడ పైభాగం, ఎముక తీసిన ముక్క, ఒక పక్కన వేలెడు మందాన కొవ్వు. బంగళా వంటింట్లోకి ఇరవై ఏళ్ళలో నేను అడుగు పెట్టడం అదే మొదలు. గడప దగ్గర నిలబడి చూస్తే, ఆయన నడుముకు ఏప్రన్ కట్టుకుని ఉన్నాడు. ఎప్పుడు తీశాడో పెట్టెలో నుంచి. నేను వెనక్కి తిరిగి బావి దాకా పోయి, మొహం కడుక్కుని వచ్చాను.

దొరసాని దేశంలో ఈ మాంసాన్ని ఏదో పుల్లటి పండ్ల రసంలో ఊరేస్తారట. ఆ పండు మనకు యాడ దొరుకుతుంది? జయరావు తాత దాని బదులు లేత మామిడికాయ పట్టాడు. బంగారుపాళ్యం తోటల్లో అప్పుడే పిందెలు దిగుతున్నాయి. మా ఆయన వాటిని దంచి, రసం పిండి, దాంట్లో మిరియాలు, ఆవాలు, వెల్లుల్లి నూరి కలిపి, ఉప్పూ చిటికెడు బెల్లమూ వేశాడు. తర్వాత కత్తి మొనతో మాంసంలో గాట్లు పెట్టి, ఒక్కో గాటులో ఒక్కో వెల్లుల్లి రెబ్బ దూర్చాలి. ముక్క జారిపోతోంది. చేతుల్లో మునుపటి బలం లేదు. ఒకరు గట్టిగా పట్టుకుంటే తప్ప అయ్యే పని కాదు. ఆయన నన్ను అడగలేదు. అడగడని నాకు తెలుసు.

కొంగు నడుముకు దోపుకుని వెళ్ళి, రెండు చేతులతో ముక్కను అదిమి పట్టుకున్నాను.

ఆయన కత్తి ఆపేశాడు. మామిడి రసం అంటిన వేళ్ళతోనే పలక మీద ఒక్క మాట రాశాడు. "వాసన."

"ఉండనీ. నువ్వు కానీ," అన్నాను.

ఊరేసిన మాంసాన్ని కుండలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, చల్లదనానికి, నీళ్ళకు జానెడు పైన ఉండేలా బావిలోకి దించి కట్టాం. పొద్దున తీసి చూస్తే ముక్క రంగు తిరిగి, మామిడి వాసన లోపలి దాకా దిగి ఉంది.

శనివారం పది గంటలకు పొయ్యి రాజేశాడు. అడుగు మందం ఉన్న ఇనప కుండ. నేతిలో ముక్కను నాలుగు పక్కలా ఎర్రగా వేపి, ఊరిన రసం కొంచెం పోసి, అంచున్న మూత పెట్టి, ఆ మూత మీద చింతకట్టె నిప్పులు పరిచాడు. కిందా నిప్పే, పైనా నిప్పే. ఇక్కడి నుంచి పాట మొదలు. ఒక్కో కీర్తన ముగిసినప్పుడల్లా మూత తీసి, ముక్కను తిప్పి, ఒక గరిటెడు రసం పోయాలి. ఏడు పాటలు, ఏడు తిప్పుళ్ళు. ఒకసారి ఎత్తుకుంటే మధ్యలో ఆగకూడదు, మాట్లాడకూడదు. ఆగితే లెక్క తప్పుతుంది.

వంటింటి బయట నీడలో కుర్చీ వేయించుకుని దొరసాని కూర్చుంది. ఒళ్ళో ఏదో పాత నోటుబుక్కు, చేతిలో గడియారం.

ఆయన గరిటె ఎత్తి తల ఊపాడు. నేను ఎత్తుకున్నాను. బళ్ళో నేను ఎక్కాలు చెప్పించేటప్పుడు బెత్తంతో బల్ల కొట్టినట్టు, ఆయన గరిటెతో గోడ మీద తాళం కొడుతున్నాడు. అదేం తాళమమ్మా! మొదటి పాట ఆ తాళం వెంట పరిగెత్తేసరికి రొప్పొచ్చింది. రెండోదీ అట్లాగే ఈడ్చుకొచ్చాను. మూడోది మా నాయన ఎత్తే పాట. మా ఊరి చిన్న గుడిలో, చాప మీద మా అమ్మ ఒళ్ళో కూర్చుని నేను నేర్చుకున్న మొదటి పాట. దాన్ని తరమడం నా వల్ల కాలేదు. మొదటి మాట దగ్గరే నా నోరు తన దారి తాను పట్టింది.

గోడ మీద టకటకా మూడు దెబ్బలు పడ్డాయి. నేను కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి ముక్కుకు ఆనించి పలక. "తొందరగా."

తల అడ్డంగా ఊపాను. పాట ఆపి జవాబు చెప్పడానికి లేదు గదా. ఆయన తుడిచి మళ్ళీ రాశాడు. "మాడతాది." నేను గొంతు పెంచాను. నాలుగో పాటకు వచ్చేసరికి "దించేస్తా" అని రాసి, గుడ్డ పట్టుకుని కుండ వైపు కదిలాడు. నేను పాడుతూనే పోయి అడ్డం నిలబడ్డాను, నడుము మీద చేతులు పెట్టుకుని. ఆయన తిట్టలేడు, నేను మాట్లాడలేను. ఆయన కళ్ళు పెద్దవి చేస్తే నేను రాగం పెద్దది చేశాను. మా కాపురంలో అంత పెద్ద పోట్లాట ముందూ లేదు, తర్వాతా లేదు. అదంతా దేవుని స్తోత్రంతోనే జరిగింది.

అప్పుడు ఆయన పలకను నేల మీద పెట్టేశాడు. కుండ పక్కన గొంతుక్కూర్చుని, చెవి దగ్గరగా వంచి విన్నాడు. లోపల కొవ్వు చిటపటలాడుతోంది. కాసేపు విని, పటకారుతో మూత మీది నిప్పులు రెండు తీసి పక్కన పెట్టాడు. నా వైపు చూశాడు. నేను ఒక మాటను ఇంకొంచెం సాగదీశాను. ఇంకో నిప్పు తీశాడు. కింద నుంచి ఒక కట్టె వెనక్కి లాగాడు. మళ్ళీ విన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. నా పాటను తన దారికి తెచ్చుకోలేక, నిప్పును నా దారికి తెస్తున్నాడు. గోడ మీద తాళం ఆగిపోయింది. ఐదో పాట, ఆరో పాట, నేను ఎంత నిదానిస్తే నిప్పు అంత తగ్గింది. ఊపిరి కోసం నేను ఆగిన చోట ఆయనా ఒక ఊపిరి తీసుకుంటున్నాడు. ఇరవై ఏళ్ళలో మేమిద్దరం ఒక పాటను కలిసి ముగించింది ఆ రోజే.

ఏడో పాటకు ఆమేన్ అన్నాక మూత తీశాడు. మాంసం ముదురు బెల్లం రంగులో మెరుస్తోంది. ఆయన ముళ్ళ చెంచా గుచ్చాడు. నొక్కకుండానే దిగిపోయింది. నమ్మకం కుదరక ఇంకోచోట గుచ్చాడు. అక్కడా అంతే. నన్ను చూశాడు గానీ పలక జోలికి పోలేదు.

ఇంక మిగిలింది మీగడ పులుసు. ముక్కను పళ్ళెంలోకి తీసి, కుండలో దిగిన రసంలో వేయించిన గోధుమపిండి ఒక చెంచా, ఆవపిండి కొంచెం కలిపి, దాంట్లో రెండు రోజుల బర్రెపాల మీగడ పోసి తిప్పాలి. దీనికి ఒక్క చరణం. చివరి మాట దగ్గర దించేయాలి. ఒక్క మాట ఎక్కువైతే మీగడ విరిగి నెయ్యి తేలిపోతుంది, ఇంత కష్టమూ బూడిదలో పోసినట్టే.

మీగడ పోసి, తల ఊపాడు. నేను నోరు తెరిచాను.

గొంతు రాలేదు. అంతసేపు ఆగకుండా పాడిన గొంతు, అప్పుడే పూర్తిగా పూడుకుపోయింది. ఎంత ఎత్తినా గాలే వస్తోంది. అచ్చం ఆయనకు వచ్చినట్టే. ఏం చెయ్యాలో తోచక ఆయన వైపు చూశాను.

ఆయన నన్ను చూడటం లేదు. గరిటె తిప్పుతున్నాడు. కళ్ళు కుండ అంచు మీద, అక్కడ సన్నటి బుడగలు లేస్తున్న చోట ఉన్నాయి. తల నిదానంగా, మా వైపు పాట నడకలోనే ఊగుతోంది. ఇంకో చుట్టు తిప్పాడు. ఇంకోటి. బుడగలు అంచు దాటి లోపలికి రాబోతుండగా కుండ ఎత్తి కింద పెట్టాడు. పులుసు గరిటెకు జున్నులా నున్నగా అంటుకుంది. చుక్క నెయ్యి తేలలేదు.

అప్పుడు తలెత్తి నన్ను చూశాడు, నోరు తెరుచుకుని చప్పుడు లేకుండా నిలబడ్డ నన్ను. పాట లేకుండానే దించానని ఆయనకు తెలిసిపోయింది. నాకు తెలిసిందని కూడా తెలిసింది. ఏదన్నా అనడానికి ఇద్దరికీ గొంతు లేదు.

భోజనం మధ్యలో దొరసాని మమ్మల్నిద్దరినీ లోపలికి పిలిపించింది. పళ్ళెంలో మాంసం ముక్క, మీద మీగడ పులుసు. ఆవిడ మొహం ఎర్రగా ఉంది.

"రాజారత్నమా, ఇట్టి రోస్టును నీవు ఎన్నడును చేయలేదు," అంది.

తర్వాత ఆ పాత నోటుబుక్కు తెరిచింది. "నా సహోదరికి వ్రాసి పంపుటకై, పదునెనిమిది సంవత్సరముల క్రిందట నీవు వండుచుండగా నేను గడియారముతో కూర్చుంటిని. గంటా ఇరవై ఐదు నిమిషములు. నేడు సరిగా రెండు గంటలు." ఆగి, గొంతు తగ్గించింది. "నీ రోస్టు ఎల్లప్పుడును రుచికరమే. అయితే నడిమి భాగము కొంచెము గట్టిగా ఉండెడిది. నీ మనస్సు నొచ్చునని నేనెన్నడును చెప్పలేదు."

పోయేటప్పుడు ఆ మాట ఎందుకన్నావు తల్లీ అనుకున్నాను. మళ్ళీ అరుగెక్కి కూర్చుంటాడేమో, మళ్ళీ ఆ పలక మీద అదే రాత రాస్తాడేమో. ఆయన దొరసానికి చేతులెత్తి మొక్కి, బయటికి నడిచాడు. కుప్పమ్మ ఒక గిన్నె నా చేతిలో పెట్టింది, దొరసాని ఇమ్మందని.

ఇంటికొచ్చేసరికి ఆయన అరుగు మీదే ఉన్నాడు. గిన్నె పక్కన పెట్టి దగ్గర కూర్చున్నాను. నా గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది.

"జయరావు తాత కూడా ఇంత బిరబిరా పాడేవాడా?" అని అడిగాను.

కాదన్నట్టు తల ఊపాడు. పలక తీసుకుని రాశాడు. "తాతది నీ మాదిరే. శానా నిదానం."

నాకు మతిపోయింది. అంటే కొలతలు తాతవి, వేగం ఈయనది! ఇంతకాలం ఏడు పాటలూ పాడాననుకున్నాడే గానీ, ఐదు పాటలంత పొద్దే నిప్పు మీద ఉంచాడు.

"మరి నీకెందుకయ్యా అంత తొందర? ఎవురు తరిమినారు నిన్ను?"

ఆయన బలపం అందుకున్నాడు. రాసి, సగం చెరిపి, మళ్ళీ రాసి నా ఒళ్ళో పెట్టాడు.

"బూడిదతో చేతులు రుద్దుకొనేదానికి రెండు పాటలంత పొద్దు పట్టేది. నువ్వు మధ్యాన్నం బడి వదిలి వచ్చేలోగా ఇంటికి రావాల గదా."

ఎన్నిసార్లు చదివానో తెలియదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నది ఒక్క రోజు, ఒక్క నిమిషం. దానికి ఈ మనిషి తన పాటనూ, తన వంటనూ ఇరవై ఏళ్ళు తరుముకుంటూ వచ్చాడు. ఆ తొందర గుడిలోకీ వచ్చింది, గుడ్డులోకీ వచ్చింది. నేనేమో దానికే ఆయన్ను రోజూ ఎత్తిపొడిచాను. ఏడుపొచ్చింది. గొంతు లేని ఏడుపు ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది నాకు.

ఆయన కంగారుపడి నా కళ్ళు తుడవబోయి, తన చేతులు చూసుకుని ఆగిపోయాడు. ఆ రోజు బావి దగ్గరికి పోలేదు. వెల్లుల్లి, మామిడి రసం, కొవ్వు, పొగ, అన్నీ ఆ చేతుల మీదే ఉన్నాయి. ఆ రెండు చేతులూ పట్టుకుని నేనే నా మొహానికి ఆనించుకున్నాను.

తర్వాత గిన్నె మూత తీశాను. ఒక ముక్క తుంచి, పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాను. నమలాల్సిన పని కూడా లేదు. పులుపు, కారం, వెనకాల నుంచి మీగడ తీపి. నిదానంగా తిన్నాను, మా వైపు పాట పాడినట్టు. ఆయన నా నోటి వైపే చూస్తూ, పలక మీద చూడకుండానే రాశాడు. "ఎట్లుండాది?"

నేను బలపం లాక్కుని రాశాను. "ఇంకో ముక్క పెట్టు."

మేమిద్దరం ఆ అరుగు మీదే గిన్నె ఖాళీ చేశాం. ఆయనే ఎక్కువ తిన్నాడు. తిని, లేచి ఏప్రన్ విప్పాడు. నేను చూస్తూ కూర్చున్నాను. ట్రంకుపెట్టె దగ్గరికి పోలేదు. తలుపు వెనక మేకుకు తగిలించి, పలకతో తిరిగి వచ్చాడు.

"రేపు పొద్దున దొరసానికి గుడ్లు. రెండు చరణాలు. వచ్చి పాడతావా?"

అక్కర్లేదని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. ఆయన అడుగుతున్నాడు, అంతే.

పలక తిప్పి రెండో వైపు రాశాను. "వస్తా. నిదానంగానే పాడతా."